దౌర్హృదమా, దౌహృదమా? ఆ ‘ర’ ఉన్నట్టా లేనట్టా?

కృష్ణాతీరం: రాణి కడుపుతో ఉంటుంది, మట్టి తింటుంది, రాజు చాటుగా ఆమె మొహం వాసన చూస్తాడు. ‘మృత్సురభి’ అన్న ముక్క ఒక్కటే గుర్తుంది, ముందూ వెనకా రావడం లేదు. ఆ పైన ఎక్కడో ‘దౌహృదం’ అని కూడా ఉండాలి. మా మాస్టారు దానికి ‘వేవిళ్లు’ అని అర్థం చెప్పి ముందుకెళ్లిపోయారు. వేవిళ్లంటే వాంతులా, కోరికలా?

పాతపుస్తకం: కాళిదాసు రఘువంశం మూడో సర్గ అండీ, రాణి పేరు సుదక్షిణ. ‘తదాననం మృత్సురభి క్షితీశ్వరో రహస్యుపాఘ్రాయ న తృప్తిమాయయౌ’. ఎండాకాలం పోతూ తొలి చినుకులు పడ్డ అడవి మడుగును ఏనుగు వాసన చూసినట్టు అని మిగతా సగం. దీని ముందు మొదటి శ్లోకంలో ఉన్నది మాత్రం ‘సుదక్షిణా దౌర్హృదలక్షణం దధౌ’. మీరు ‘ర’ మింగేశారు.

అరసున్న: ఆ ‘ర’ దగ్గరే ఉంది తిరకాసంతా. దుర్ + హృద్ అయితే మనసు బాగోలేకపోవడం, అంటే వికారం. ద్వి + హృద్ అయితే తల్లిదొకటి, బిడ్డదొకటి, రెండు గుండెలు. అప్పుడది కోరిక. పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు రెండో పక్షమే. నాలుగో నెలలో బిడ్డ గుండె వ్యక్తమవుతుంది, అందుకే ఆమె రకరకాలవి కోరుతుంది, రెండు హృదయాలున్నది కాబట్టి ‘దౌహృదిని’ అన్నాడు. ‘ర’ తర్వాత ఎవరో అతికించింది.

పాతపుస్తకం: అతికించారనడానికి ఆధారం? నా దగ్గరున్న ప్రతిలో స్పష్టంగా ‘ర్హృ’ ఉంది.

మెదక్‌బిడ్డ: ప్రతుల ముచ్చట వస్తే మా కొల్చారం మల్లినాథుణ్ణి అడగకుండ తీర్పు చెప్పొద్దు సార్. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసినోడు మా జిల్లావాడే.

పాతపుస్తకం: ప్రతి చర్చా చివరికి కొల్చారం చేరాల్సిందే కదా.

నైట్‌డ్యూటీ డాక్టర్: సంస్కృతం నాకు అంతంత మాత్రం. కానీ మీ ఇద్దరూ రెండు వేర్వేరు నెలల గురించి కొట్టుకుంటున్నారు. వికారం ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, చాలామందికి నాలుగో నెలలో తగ్గుముఖం పడుతుంది. ఆకలి తిరిగొచ్చేది అప్పుడే. అంటే మొదట దుర్, తర్వాత ద్వి. వికారానికి ఇదివరకు హెచ్‌సీజీ హార్మోన్‌ని ఒక్కదాన్నే కారణం అనేవాళ్లం. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన జీడీఎఫ్-15 అనే మరో హార్మోన్‌ని పట్టుకుంది. గర్భిణి రక్తంలో ఇది ఎక్కువగా వచ్చేది బిడ్డా, మాయా (ప్లాసెంటా) వైపు నుంచే. పనిచేసేది మాత్రం తల్లి మెదడు అడుగుభాగంలో, వాంతిని నడిపించే చోట. కడుపు రాకముందు ఒంట్లో ఇది తక్కువగా ఉన్నవాళ్లకి ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేని వాంతులు. తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపపు జన్యువు మోసే ఆడవాళ్లలో ముందునుంచే ఎక్కువ ఉంటుంది కాబట్టి వాళ్లకి వేవిళ్లు తక్కువ. బిడ్డ వైపు నుంచి వచ్చింది తల్లి తలలో పనిచేస్తుంది, మీ రెండు హృదయాల లెక్క అంత తీసెయ్యాల్సిందేం కాదు.

అరసున్న: చూశారా, డాక్టరుగారు కూడా ద్వి పక్షమే.

నైట్‌డ్యూటీ డాక్టర్: నేను అలా అన్లేదండీ.

కృష్ణాతీరం: మరి వేవిళ్లు? ‘వే’ అంటే వేకువ కదా, పొద్దున్నే వచ్చే వికారం అని మా అక్క అంటుంది.

అరసున్న: అది ఇంగ్లీషు మార్నింగ్ సిక్‌నెస్ విన్నాక పుట్టిన వ్యుత్పత్తిలా ఉంది. ‘వేకటి’ అంటే చూలు, ‘వేకటిమనిషి’ అంటే గర్భిణి. ఆ ‘వే’కి తెల్లారడంతో ఏం సంబంధం? తమిళంలో గర్భిణి కోరిక ‘వయా’, కన్నడంలో ‘బయకె’. నన్నడిగితే మూడూ ఒక్క గూటివే, అర్థం కోరికే.

నైట్‌డ్యూటీ డాక్టర్: వేకువ సంగతి నాకూ నమ్మబుద్ధి కాదు. రాత్రి పదకొండుకి పోపు వాసనకి పరిగెత్తినవాళ్లని ఎంతమందినో చూశాను.

మెదక్‌బిడ్డ: మా అమ్మ ‘యేవిళ్లు’ అంటది, అంటే కక్కుడే. కోరికను కోరికనే అంటది.

పాతపుస్తకం: ఇంత సేపూ పోతన ఎవరికీ గుర్తు రాలేదా! ‘అమ్మా! మన్ను దినంగ నే శిశువునో’ పద్యం చివర ‘మదీయాస్య గంధమ్మాఘ్రాణము చేసి’ అని. కాళిదాసులో రాజు మట్టి వాసన చూసి మురిసిపోతాడు. ఇక్కడ దొంగే నోరు వాసన చూసుకోమంటాడు, తప్పయితే కొట్టమంటాడు. ‘ఆఘ్రాణము’ దగ్గర ఆ దీర్ఘాన్ని చదివి చూడండి, ఊపిరి నిజంగా లోపలికి పీల్చినట్టే ఉంటుంది.

మెదక్‌బిడ్డ: ఇదొక్కటి ఒప్పుకుంట సార్. పోతన జోలికి ఎవరూ పోవద్దు.

నైట్‌డ్యూటీ డాక్టర్: రాణి మట్టి తిన్నదానికి కాళిదాసు చెప్పిన కారణం, కొడుకు భూమినంతా అనుభవించబోతున్నాడని. మా ఓపీలో మట్టో బలపమో పచ్చి బియ్యమో తింటున్నానని సిగ్గుపడుతూ చెప్తే ముందు హీమోగ్లోబిన్ చూస్తాం, చాలాసార్లు ఐరన్ తక్కువుంటుంది.

పాతపుస్తకం: సుదక్షిణకి ఐరన్ మాత్రలు ఇచ్చుంటే ఆ శ్లోకం ఉండేది కాదు.

అరసున్న: ‘హృద్’ అంటే గుండె కాదు, మనసు అనేవాళ్లకి డాక్టరుగారు ఏమంటారు?

నైట్‌డ్యూటీ డాక్టర్: 2016లో బార్సిలోనా బృందం మొదటి కాన్పు తల్లుల మెదళ్లని గర్భానికి ముందూ తర్వాతా స్కాన్ చేసింది. ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే చోట్ల బూడిదరంగు పదార్థం తగ్గింది, రెండేళ్ల తర్వాత చూసినా అలాగే ఉంది. ఎంత తగ్గితే బిడ్డ మీద అంత మమకారం కనిపించింది. అందుకే దీన్ని నష్టమని కాదు, తల్లి పనికి మెదడు సర్దుకోవడమని అంటున్నారు.

కృష్ణాతీరం: బాగుంది. ఇంతకీ వేవిళ్లంటే వాంతులా, కోరికలా?

పాతపుస్తకం: దానికి ముందు ‘దోహదం’ సంగతి తేలాలి. రోజూ పేపర్లో ‘అభివృద్ధికి దోహదపడుతుంది’ అని రాసేవాళ్లకి అది గర్భిణి కోరికని తెలుసా? అందగత్తె కాలితో తంతే అశోకం చెట్టు పూస్తుందన్నారే, అదీ దోహదమే. కోరిక తీర్చేది కాబట్టి సాయం అయింది.

అరసున్న: మరి ‘దోహదం’లో ‘ర’ ఏదండీ?