“నీ కాలు వాయలేదు”: ఈ మాటలో ఏముంది?

చిత్తూరు నుంచి ప్రశ్న:

అందరికీ వందనాలు. మొన్న స్త్రీల కూడికలో ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం చదివినాం. ఐగుప్తు నుంచి బయటపడి నలభై ఏళ్లు అరణ్యంలో నడిచిన ఇశ్రాయేలీయులతో మోషే అనే 4వ వచనం ఇది: “ఈ నలువది సంవత్సరములు నీవు వేసికొనిన బట్టలు పాతగిలలేదు, నీ కాలు వాయలేదు.” బట్టల సంగతి అర్థమైంది. కాలు వాయకపోవడం కూడా పనిగట్టుకుని చెప్పుకోవాల్సినంత మేలా? మా ఇంట్లో ఏడాదిగా పనుల్లేవు. ఎవర్ని కదిలించినా “మీకిది అరణ్య కాలం, ఓపిక పట్టండి” అంటా ఉండారు. ధైర్యం సంగతి దేవుడెరుగు, చిరాకొస్తా ఉంది. “వాయలేదు” అంటే ఏందని మా పాప అడిగితే సరిగ్గా చెప్పలేకపోయినా.

తిరుపతి నుంచి జవాబు:

అక్కా, ముందు పాప సంగతి. చెట్టు కాచింది, కాయలేదు అంటాం కదా. అట్లే కాలు వాచింది, వాయలేదు.

మేలేనా అంటే, పెరటాసి నెలలో పుత్తూరు రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. తమిళనాడు నుంచి కొండకు నడిచొచ్చే భక్తులు పసుపు గుడ్డలు కట్టుకుని, చాలామంది చెప్పుల్లేకుండానే వస్తుంటారు. మజ్జిగ తాగడానికి చెట్టు కింద కూలబడినప్పుడు ఆ కాళ్లు చూడాలి. చీలమండ ఎముక జాడ ఉండదు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అట్లే ఉంటుంది. అలిపిరిలో ఎక్కాల్సిన 3,550 మెట్లు ఇంకా అట్లే ఉంటాయి. నాలుగు రోజుల నడకకే ఇట్లయితే పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో నలభై ఏళ్ల మాట ఏమిటి?

హెబ్రీలో ఈ క్రియకూ, రొట్టెల పిండి ముద్దను చెప్పే మాటకూ ధాతువు ఒకటే. పిండి పులిసి పొంగినట్టు పొంగడం అన్నమాట. పాత నిబంధన మొత్తంలో ఈ క్రియ ఇక్కడా, నెహెమ్యా 9:21లోనే కనబడుతుంది. అక్కడా తలచుకునేది ఈ సంగతే. ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయంలో చెప్పులు కూడా పాతబడలేదని ఉంది. చెప్పులరిగేలా తిరిగినా పని కాలేదనుకునే మనకు అది వేరే వివరించక్కర్లేదు.

నాకు ఈ వచనంలో నచ్చేది, మోషే ఇక్కడ సముద్రం పాయలైన సంగతి ఎత్తడు. జరగని వాటిని లెక్క చెబుతాడు. చినగని గుడ్డ, వాయని కాలు నడిచేటప్పుడు ఎవరి కంటికీ ఆనవు. అప్పుడు వాళ్ల మనసులో మెదిలిందేమిటో సంఖ్యాకాండము 11:5లో చూడండి: ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు. (వెల్లుల్లి అనకుండా మన సీమ మాట పడిందక్కడ. నాకు ప్రాణం లేచొస్తుంది.) అరణ్యంలో దేవుడు తినడానికిచ్చిన మన్నా ఏమో ఏ రోజుకారోజు పొద్దున్నే ఏరుకోవాల్సిందే. తెల్లారేదాకా దాచిపెడితే పురుగుపట్టి కంపు కొట్టేది. ఆరో రోజు ఏరింది మాత్రం విశ్రాంతి దినానికి నిలిచేది. అరణ్యంలో ఎదగడమంటే అట్లా ఏ రోజుకారోజు లేచి ఏరుకోవడం నేర్చుకోవడమేనని నా లెక్క.

శ్రీకాళహస్తి నుంచి:

అన్నా, ఈ మాట విన్నది బతికి మిగిలినోళ్లు. లెక్కలోకి వచ్చిన ఇరవై ఏళ్లు పైబడినోళ్లలో కాలేబు, యెహోషువ తప్ప అందరూ దారిలోనే రాలిపోయినారు. ఆజ్ఞలిచ్చిన హోరేబు కొండ నుంచి కనాను పొలిమేరలోని కాదేషు బర్నేయకు పదకొండు రోజుల ప్రయాణమేనని ద్వితీయోపదేశకాండము మొదట్లోనే ఉంది. అరణ్యానికి పోయిన ప్రతివాడూ ఎదుగుతాడని సాక్ష్యాల్లో చెప్పేస్తారే, అది నాకు మింగుడుపడదు.

తిరుపతి నుంచి:

నాకూ పడదు తమ్ముడూ. అరణ్యం దానంతటది ఎవర్నీ పెంచదు. 8:2 ప్రకారం అది అణచడానికి, హృదయంలో ఏముందో బయటపడడానికి. పైగా ఆ అధ్యాయంలో మోషే భయమంతా వాళ్లు చేరబోయే వాగ్దాన దేశం కనాను మీదే. కడుపారా తిని, మంచి ఇళ్లు కట్టుకుని, గొర్రెలు, వెండి బంగారాలు పెరిగినాక “నీ మనస్సు మదించి” దేవుణ్ని మరిచిపోతావేమో అంటాడు. అరణ్యంలో వాయని కాలు సరే, కనానులో మనసు వాస్తుందేమోనని ఆయన దిగులు. రాళ్లను రొట్టెలు చేసుకోమన్న శోధకుడికి యేసు జవాబు చెప్పింది కూడా మనిషి రొట్టెతోనే బతకడనే ఈ అధ్యాయం 3వ వచనంతోనే, అదీ నలభై రోజుల ఉపవాసం తర్వాత, ఆకలి మీద.

అక్కా, మీకు ఓపిక పట్టమనేవాళ్లతో 1 రాజులు 19వ అధ్యాయం చదివించండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టిలేపి అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. ప్రయాణం మాట ఎత్తింది రెండోసారే.

చిత్తూరు నుంచి:

అంటే ముందు బియ్యం, తర్వాత వచనం! వచ్చే కూడికలో అదే చదువుతాం అన్నా. బదరీ అంటే మన రేగు చెట్టేనా?

తిరుపతి నుంచి:

తెలుగులో రేగే. హెబ్రీలో మాత్రం అది ‘రోతెం’ అనే ఎడారి పొద, నీడ అంతంతమాత్రం. అదే పొదను యోబు 30:4లో, కీర్తన 120:4లో మనవాళ్లు తంగేడు అన్నారు. ఇక్కడొక్కచోట బదరీ ఎందుకయిందో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.