బర్మింగ్‌హామ్‌లో దిగాక ‘మనోడి’ కారు ఎక్కొచ్చా?

మిర్యాలగూడ నుంచి కొవెంట్రీకి:
అన్నలకు, అక్కలకు నమస్తే. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి ఇంగ్లండులోని కొవెంట్రీ వస్తున్నాను. దుబాయ్ మీదుగా వచ్చి బర్మింగ్‌హామ్‌లో సాయంత్రం 6:50కి దిగుతాను. రెండు పెద్ద సూట్‌కేసులుంటాయి. కన్సల్టెన్సీ వాళ్ళు ఒక అన్న నంబరిచ్చారు. సూర్యాపేట వైపు అన్నేనట, తన కారులో 50 పౌండ్లకు రూమ్ దగ్గర దింపుతాడట. నాన్న మాత్రం “పసుపు ప్లేటు చూసుకుని టాక్సీలోనే పో” అంటున్నాడు. ఏది మంచిదో చెప్పండి.

హాలియా, ఇప్పుడు లెస్టర్:
ముందు రూమ్ సంగతి చూసుకో తల్లీ. డిపాజిట్ కట్టావా? కట్టిన 30 రోజుల్లోపు ఓనర్ దాన్ని ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో పెట్టాలి. కాగితం అడుగు, సిగ్గుపడకు. ఇక టాక్సీ అంటావా, మనోడు ఉండగా టాక్సీ ఎందుకు? 2006 నుంచి నేను ఎంతమంది పిల్లల్ని హీత్రో నుంచి తెచ్చానో లెక్కే లేదు. మన భాష మాట్లాడతాడు, దారిలో ఫోనిచ్చి ఇంటికి మాట్లాడిస్తాడు. అంతకంటే ఏం కావాలి?

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
చెల్లీ, నాన్నగారికి ముందు ఒక మాట చెప్పు. పసుపు ప్లేటు లెక్క ఇక్కడ పనికిరాదు. మన దగ్గర కిరాయి బండికి పసుపు, సొంత బండికి తెలుపు. ఇక్కడ ప్రతి సొంత కారుకూ ముందు తెల్ల ప్లేటు, వెనక పసుపు ప్లేటే.

ఈ ఒక్క సంగతి తెలియక నేను మోసపోయాను. 2014 జనవరి, అప్పుడు వేరే ఊళ్ళో చదువుతున్నా. రెస్టారెంటులో షిఫ్టు అయ్యేసరికి రాత్రి పన్నెండున్నర, చివరి బస్సు పోయింది, వాన. స్టేషన్ బయట ఒకతను నల్గొండ బస్టాండులో షేర్ ఆటోవాళ్ళు పిలిచినట్టే “టాక్సీ, టాక్సీ” అంటున్నాడు. కారు వెనక చూస్తే పసుపు ప్లేటు. ధర కూడా అడక్కుండా ఎక్కేశాను. సగం దూరం పోయాక 60 పౌండ్లన్నాడు. మామూలుగా 12, 13 అయ్యే దూరం. లేవంటే ఏటీఎం దగ్గర ఆపి, నేను డబ్బు తీసిందాకా తలుపు పక్కనే నిలబడ్డాడు. వణుక్కుంటూ దిగిపోయాను, హ్యాండ్‌బ్యాగ్ కార్లోనే ఉండిపోయింది. ఇక్కడ ఉండటానికి ఇచ్చే వీసా కార్డు (బ్యాంకుది కాదు) అందులోనే.

మర్నాడు టాక్సీలకు లైసెన్సిచ్చే కౌన్సిల్ ఆఫీసుకు పోతే కౌంటర్ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, డ్రైవరు బ్యాడ్జి నంబరెంత? నాకు తెలియదు. వెనక లైసెన్సు ప్లేటు మీద ఏ నంబరుంది? అసలు అలాంటి ప్లేటు వేరే ఉంటుందనే నాకు తెలియదు. బుకింగ్ ఎవరి దగ్గర చేశావంటే, చేయలేదు. “అయితే ఆ మనిషి మా లిస్టులో ఉండడు, పోలీసులకు చెప్పు” అంది. ఆవిడ తప్పేం లేదు. పోలీసుల 101 నంబరుకు ఫోన్ చేశాను. కారు రంగు తప్ప చెప్పడానికి నా దగ్గర ఏముంది? కొత్త కార్డు వచ్చేదాకా టెన్షన్‌తో నిద్ర లేదు. ఇప్పుడు కార్డు లేకుండా ఆన్‌లైన్‌లోనే ఉండే ఈవీసా కాబట్టి మీకు ఆ బాధ తప్పింది.

అచ్చంపేట, ఇప్పుడు వుల్వర్‌హాంప్టన్:
నేను ప్రైవేట్ హైర్ నడుపుతాను, కాబట్టి ఇది నా పని. ఇంగ్లండులో కిరాయి బండ్లు రెండు రకాలు చెల్లె. హ్యాక్నీ అంటే మన లెక్కలో టాక్సీ. దాన్ని రోడ్డు మీద చెయ్యెత్తి ఆపొచ్చు, స్టాండులో ఎక్కొచ్చు, మీటరు రేటు పెట్టేది కౌన్సిల్. నాది ప్రైవేట్ హైర్. యాప్‌లోనో ఫోన్‌లోనో ముందు బుక్ చేస్తేనే నిన్ను ఎక్కించుకోవాలి. బుకింగ్ లేకుండా ఎక్కించుకుంటే నేరం నాది, నా ఇన్సూరెన్స్ కూడా చెల్లకుండా పోవచ్చు. దెబ్బ తగిలితే మాత్రం నీకు.

బుకింగ్ ఉంటే ఏ టైముకు ఏ బండి, ఏ డ్రైవరు అని ఆపరేటర్ దగ్గర రికార్డుంటుంది. దేవరకొండ అక్కకు ఆ రోజు లేనిది అదే. కారు రాగానే నీ పేరు నువ్వు చెప్పకు, “ఎవరి కోసం వచ్చారు?” అని అడుగు. కారు నంబరు, ఫొటో కలిస్తేనే వెనక సీట్లో కూర్చుని ట్రిప్ లింక్ నాన్నకు పంపు.

ఇక ఆ 50 పౌండ్ల అన్న. డ్రైవరుకు, కారుకు, బుకింగ్ తీసుకునే ఆపరేటరుకు మూడు లైసెన్సులుండాలి. ఉన్నాయా అని అడుగు. పైగా స్టూడెంట్ వీసా మీద ఉంటే సొంతంగా ఇలాంటి వ్యాపారం చేయకూడదు, అతని వీసాకే ముప్పు.

నాగర్‌కర్నూల్, ఇప్పుడు మాంచెస్టర్:
ఏ ఊరి కౌన్సిల్ ప్లేటో కూడా చూడు. మా దగ్గర చాలా కార్లకు వుల్వర్‌హాంప్టన్ ప్లేట్లే. వేరే ఊరి లైసెన్సు మాంచెస్టర్‌లో చెల్లదు, అవి ఎక్కొద్దు.

అచ్చంపేట, ఇప్పుడు వుల్వర్‌హాంప్టన్:
చెల్లుతుంది అన్నా. నేను చెప్పిన మూడు లైసెన్సులూ ఒకే కౌన్సిల్‌వి అయితే బుకింగ్ మీద ఎక్కడైనా నడపొచ్చు. పోలీసు రికార్డు చెకింగ్, మెడికల్ అన్నీ అయ్యాకే మాకూ బ్యాడ్జి ఇస్తారు.

నాగర్‌కర్నూల్, ఇప్పుడు మాంచెస్టర్:
చట్టం సరే. కంప్లయింట్ చేయాలంటే మా ఊరివాళ్ళు వుల్వర్‌హాంప్టన్‌కు రాసుకోవాలా?

అచ్చంపేట, ఇప్పుడు వుల్వర్‌హాంప్టన్:
ముందు ఆపరేటరుకు, వినకపోతే లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్‌కు. అవును, వుల్వర్‌హాంప్టన్‌కే. ఈమెయిల్‌కు దూరమేంటన్నా?

హాలియా, ఇప్పుడు లెస్టర్:
అంటే ఇన్నేళ్ళూ నేను చేసింది నేరమా? ఒక్క పౌండ్ లాభం తీసుకోలేదు. చౌటుప్పల్‌లో ఎక్కించుకుని నార్కట్‌పల్లిలో దింపినట్టు సాయం చేశాను, అంతే.

అచ్చంపేట, ఇప్పుడు వుల్వర్‌హాంప్టన్:
మీ సంగతి వేరు అంకుల్. ఊరికే తెచ్చినా, పెట్రోల్ ఖర్చు పంచుకున్నా తప్పు లేదు. మనిషికింత అని రేటు పెట్టి వాట్సాప్‌లో బేరాలు తీస్తేనే గొడవ.

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
అసలు ఎయిర్‌పోర్టు నుంచి కారెందుకు? ఎయిర్-రైల్ లింక్ ఫ్రీ, రెండు నిమిషాల్లో బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషన్. అక్కడి నుంచి ట్రైన్‌లో కొవెంట్రీ పావుగంట లోపే. కొవెంట్రీ స్టేషన్ బయట స్టాండులో నల్ల క్యాబులు, అంటే హ్యాక్నీలే, ఉంటాయి, రూమ్ వరకే మీటరు. ఆ కొత్త ఎలక్ట్రిక్ నల్ల క్యాబులు కొవెంట్రీ పక్కనే ఆన్‌స్టీలో తయారైనవే. అడ్రసు పోస్ట్‌కోడ్‌తో సహా కాగితం మీద రాసి పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు.

మిర్యాలగూడ నుంచి కొవెంట్రీకి:
అందరికీ థాంక్స్. ఆ సూర్యాపేట అన్నకు ఫోన్ చేసి ప్రైవేట్ హైర్ లైసెన్సు ఉందా అని అడిగాను. “మనోళ్ళకు మనోళ్ళం, లైసెన్సు ఎందుకు చెల్లె” అని 40కి తగ్గించాడు. వద్దన్నాను. ట్రైన్‌లోనే వస్తాను. నేను దిగేసరికి ఇంటి దగ్గర రాత్రి 11:20 అవుతుంది, నాన్న మేలుకునే ఉంటాడట.

హాలియా, ఇప్పుడు లెస్టర్:
కొవెంట్రీ స్టేషన్‌కు నేనొస్తాలే తల్లీ. లెస్టర్ నుంచి ఎంత దూరం, పాతిక మైళ్ళు. పెట్రోల్ డబ్బులు కూడా వద్దు.

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్:
అంకుల్, ఏమీ అనుకోవద్దు. ఆ పిల్లకు మీరూ తెలియని మనిషే కదా. వచ్చేటప్పుడు ఆంటీని కూడా తీసుకురండి, ముందు ఆంటీతో వాళ్ళ నాన్నకు ఫోన్ చేయించండి.

హాలియా, ఇప్పుడు లెస్టర్:
ఆంటీకి ఆ రోజు డ్యూటీ ఉందేమో. అడిగి చెప్తా.