నలుపు, ఇసుకరాయి ఎరుపు ఒకే కప్పుపై కుదిరే గ్లేజుల (మట్టిపాత్రలపై కాల్చే గాజులాంటి పూతల) గురించి సలహా కావాలి

నమస్కారం. హనుమకొండలో మా ఇంటి మేడమీద చిన్న ఎలక్ట్రిక్ బట్టీ పెట్టుకొని స్టోన్‌వేర్ మట్టితో (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టితో) కప్పులు చేస్తున్నాను. గ్లేజు కాల్పు 1220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముగిస్తాను. రామప్ప గుడి ఎర్ర ఇసుకరాయిని, చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) చూసినప్పటి నుంచి ఆ రెండు రంగులను ఒకే కప్పుపైకి తేవాలని నా కోరిక.

ఇనుప ఆక్సైడు ఎక్కువగా ఉన్న నల్ల గ్లేజు మీద, అంచు వైపు తగరపు ఆక్సైడు కలిపిన తెలుపు పూస్తే, రెండూ కలిసిన చోట వేలెడు వెడల్పున తేనెరంగు చార తేలింది. అది చాలా నచ్చింది గానీ, పూత మందమైన వైపు కారి, కప్పు అడుగు బట్టీ పలకకు అతుక్కుపోయింది. పైగా పక్కనే క్రోమియం పచ్చ గ్లేజు గిన్నె ఉండటంతో తెలుపు ఒకవైపు గులాబీ రంగుకు తిరిగింది (మా అమ్మకు మాత్రం అదే నచ్చింది).

రాగితో వచ్చే ఎరుపుకు ఆక్సిజన్ తగ్గించిన మంట కావాలి. నా బట్టీలో రాగి పచ్చగానే మిగులుతుంది కనుక ఆ దారి వదిలేశాను. బయటి భాగానికి గ్లేజు మానేసి, ఎర్రమట్టి జారు (నీళ్లలో కలిపిన పలుచని మట్టి) మాత్రమే పూస్తే, ఇంత వేడికి అది ముదురు గోధుమ రంగులోకి పోకుండా ఉండాలంటే ఏం కలపాలి? రెండు గ్లేజుల పూతలు కలిసే చోట ఎంత మందం దాటకూడదో, అడుగున ఎన్ని అంగుళాలు ఖాళీగా వదలాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరా?