అప్‌డేట్: అమ్మ గాల్‌బ్లాడర్ స్కాన్ అయిపోయింది

భోజనం చేశాక కుడి డొక్కలో నొప్పి, అల్ట్రాసౌండ్‌లో రాళ్లు లేవు, డాక్టర్ సింకలైడ్ ఇంజెక్షన్‌తో హైడా స్కాన్ (గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం, ఎంతవరకు ఖాళీ అవుతుందో చూసే స్కాన్) రాశారు, ఆ ఇంజెక్షన్ ఏంటి అని అడిగాను కదా. విజయనగరం నుంచి వైజాగ్ తీసుకెళ్లి చేయించాం.

కొవ్వు తిన్నప్పుడు చిన్నపేగు కొలెసిస్టోకైనిన్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో గాల్‌బ్లాడర్ ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి తోస్తుంది. సింకలైడ్ అంటే ఆ హార్మోన్ చివరి 8 అమైనో ఆమ్లాల ముక్కే, ల్యాబ్‌లో తయారుచేసింది. గంటసేపు పంపుతో సన్నగా ఎక్కించారు, గబుక్కున ఇచ్చేస్తే ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కడుపులో మెలిపెట్టి వికారం వస్తుందట. సగంలో అమ్మ "ఏటిరా, ఏటీ తినకుండానే పకోడీ తిన్నప్పటి నొప్పి వచ్చేసింది" అంది!

గాల్‌బ్లాడర్ కనీసం 38 శాతం ఖాళీ అవ్వాలి, అమ్మది 22 దగ్గరే ఆగిపోయింది.

వెళ్లేవాళ్లు కనీసం నాలుగు గంటలు ఏమీ తినకూడదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, రిజల్ట్ తేడా వస్తుంది.

సర్జన్ గారు ఆపరేషన్ మంచిదన్నారు. అమ్మేమో సిరిమానోత్సవం అయ్యాకే అంటోంది.