సర్వర్ వెనక మూడు లాన్ సాకెట్లు: కేబుల్ దేంట్లో పెట్టాలి? మానిటర్ కూడా రావట్లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కి సెకండ్ హ్యాండ్ డెల్ ర్యాక్ సర్వర్ ఒకటి కొన్నారు. విండోస్ సర్వర్ ఎక్కించే ఇచ్చారు. వెనక రెండు లాన్ సాకెట్లు పక్కపక్కన, ఇంకొకటి విడిగా ఉన్నాయి. విడిగా ఉన్నదాంట్లో కేబుల్ పెడితే లైటు వెలుగుతోంది కానీ ల్యాబ్‌లో ఏ సిస్టమ్‌కీ సర్వర్ కనబడటం లేదు. మా మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. లాప్‌టాప్‌ని పాత ప్రొజెక్టర్‌కి కలిపే కన్వర్టర్ పెట్టి చూస్తే నో సిగ్నల్ అంటోంది. సోమవారం నుంచి ప్రాక్టికల్స్. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

జవాబు:
కంగారు పడకండి, మీరు చెప్పినదాన్ని బట్టి మెషీన్‌లో లోపం ఏమీ కనబడటం లేదు.

విడిగా ఉన్న సాకెట్ దగ్గర చిన్న రెంచి బొమ్మ గానీ, ఐడ్రాక్ (iDRAC) అనే అక్షరాలు గానీ ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే అది మేనేజ్‌మెంట్ పోర్టు. సర్వర్‌ని దూరం నుంచి ఆన్ చేయడానికి, ఆఫ్ చేయడానికి, ఫ్యాన్లూ డిస్కులూ ఎలా ఉన్నాయో చూడటానికి లోపల ఒక చిన్న కంప్యూటర్ లాంటిది వేరే ఉంటుంది, ఆ సాకెట్ దానిది. విండోస్‌కి దాంతో పని లేదు, అందుకే ల్యాబ్‌కి కనబడలేదు. సర్వర్ ఆఫ్ చేసి, పవర్ కార్డు మాత్రం ఉంచి చూడండి: అప్పుడు కూడా ఆ పోర్టు పనిచేస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్ స్విచ్ (ల్యాబ్ సిస్టమ్‌లన్నిటినీ కలిపే డబ్బా) నుంచి వచ్చే కేబుల్‌ని పక్కపక్కన ఉన్న రెండింట్లో 1 అని ఉన్నదాంట్లో పెట్టండి. ప్రస్తుతానికి ఒక్క కేబుల్ చాలు.

మేనేజ్‌మెంట్ పోర్టుని పిల్లలు వాడే నెట్‌వర్క్‌లో మాత్రం వదిలేయకండి. దాని పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు సర్వర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ మెషీన్ కాబట్టి పాత పాస్‌వర్డే ఉండి ఉంటుంది, ముందు అది మార్చండి.

ఇక మానిటర్. మీ దగ్గరున్న కన్వర్టర్ హెచ్‌డీఎంఐని వీజీఏగా (పాత మానిటర్లు, ప్రొజెక్టర్లు వాడే రకం) మారుస్తుంది. మీకు కావాల్సింది దానికి ఉల్టా. సర్వర్ నుంచి వచ్చేది వీజీఏ, మానిటర్ తీసుకునేది హెచ్‌డీఎంఐ. ఇవి రెండు వైపులా పనిచేయవు. కొనేటప్పుడు 'వీజీఏ టు హెచ్‌డీఎంఐ' అని అడగండి. దానికి పవర్ కోసం చిన్న యూఎస్‌బీ తోక ఉంటుంది, అది కూడా సర్వర్‌కే పెట్టాలి. అసలు కొనక్కర్లేదు, ఆఫీసు రూమ్‌లో పాత వీజీఏ మానిటర్ ఏదైనా ఉంటే ఒక్క పూటకి తెచ్చుకోండి. సర్వర్‌కి మారని ఐపీ అడ్రస్ ఇచ్చి, రిమోట్ డెస్క్‌టాప్ (వేరే సిస్టమ్ నుంచే సర్వర్ స్క్రీన్ చూసి నడిపే సదుపాయం) ఆన్ చేసుకుంటే తర్వాత మానిటర్‌తో పనే ఉండదు. కీబోర్డు, మౌస్ హబ్‌లో కాకుండా నేరుగా సర్వర్ యూఎస్‌బీలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ! రెంచి బొమ్మ ఉంది. పాత మానిటర్ దొరికింది, సర్వర్ ల్యాబ్‌లో కనబడుతోంది. కానీ ఫైల్స్ చాలా నెమ్మదిగా కాపీ అవుతున్నాయి. నెట్‌వర్క్ స్టేటస్‌లో స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని ఉంది. స్విచ్ గిగాబిట్‌దే (1000 ఎంబీపీఎస్).

ఇంకొకరి జవాబు:
కేబుల్ మీదే నా అనుమానం. 100 స్పీడ్‌కి ఎనిమిది వైర్లలో నాలుగే చాలు: 1, 2, 3, 6. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక వైరు సరిగ్గా అంటకపోయినా చాలా నెట్‌వర్క్ కార్డులు లింకు తెంచకుండా 100కి దిగిపోతాయి. కేబుల్ టెస్టర్ పెట్టి 4, 5, 7, 8 లైట్లు చూడండి. వెలగనిది ఉంటే రెండు చివర్లా కనెక్టర్ కోసి, కొత్తది మళ్లీ క్రింప్ చేయించండి (నొక్కి బిగించడం). వరస ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు చివర్లా ఇదే వరస. కోసినప్పుడు వైరుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాన్ని సర్వర్‌కి వాడొద్దు, అసలు రాగి క్యాట్ 6 తెప్పించండి. మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు.

ప్రశ్న అడిగినవారు:
7వ లైటు వెలగలేదు! కనెక్టర్లు మార్పించాం, ఇప్పుడు 1 జీబీపీఎస్ చూపిస్తోంది. చివరిగా ఒక్కటి: వెనక పవర్ సాకెట్లు రెండున్నాయి, మాకు యూపీఎస్ ఒకటే.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒకటి యూపీఎస్‌కి, రెండోది నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. ఒకటి పోయినా రెండోదాని మీద నడుస్తుంది. ఒక్కదాని మీదే సర్వర్ బరువంతా మోసేంత వాటేజీ యూపీఎస్‌కి ఉందో లేదో చూసుకోండి. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులు వాడకండి, ఎర్తింగ్ తప్పనిసరి. లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఆ యూపీఎస్‌కి పెట్టొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లోడు లాగుతుంది.

యూపీఎస్ డబ్బాలో యూఎస్‌బీ కేబుల్ ఒకటి వచ్చే ఉంటుంది, చాలామంది దాన్ని తీయనే తీయరు. అది సర్వర్‌కి పెట్టి యూపీఎస్ సాఫ్ట్‌వేర్ వేయండి. కరెంటు పోయి బ్యాటరీ అయిపోవస్తుంటే విండోస్ తనంతట తానే షట్‌డౌన్ అవుతుంది. వేశాక, పిల్లలు లేనప్పుడు ఒకసారి యూపీఎస్‌కి కరెంటు వచ్చే లైనుకీ, సర్వర్ పెట్టిన గోడ సాకెట్ లైనుకీ మెయిన్ స్విచ్‌లు రెండూ ఆపి, నిజంగా షట్‌డౌన్ అవుతోందో లేదో చూసి ఇక్కడ చెప్పండి.