సమస్య: దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె

నిర్వాహకుడు (తిరుపతి)

పద్యమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ రాసి దీనికి అర్థం కుదిర్చడమే పూరణ:

*దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె*

విషయం కూడా నేనే ఇస్తున్నాను. దర్శనానికని తిరుపతి వచ్చినవాళ్ళకు మధ్యలో ఒక సాయంత్రం ఖాళీ దొరుకుతుంది. ఆ పూట నాటకం చూడాలనుకుంటే ఏ నాటకానికి పోవాలి? పూరణ చదివినవాళ్ళకు ఆ దారి కనబడాలి. మా చెల్లెలి కుటుంబం బెంగళూరు నుంచి వస్తోంది. ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్ళ నాయనమ్మ. నాకు నిజంగానే జవాబు కావాలి.

నాటకం ఊసు లేకుండా తెల్లారింది, దీపాలార్పారు అనే పూరణలు వద్దు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి కుదిరే అక్షరం, నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట రావాలి. దాని బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది.

చంద్రగిరి తమ్ముడు

*తిరుపతికి వచ్చి మహతిలోఁ దెరకు నెదుట*
*కూరుచుండిన వేళలో గోల మానె;*
*సభకుఁ జీఁకటి, రంగానఁ జంద్రకాంతి;*
*దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె.*

మహతి ఆడిటోరియంలో మూడో గంట కొట్టగానే హాల్లో దీపాలు ఆరిపోయే క్షణం మనసులో పెట్టుకుని రాశాను.

కుప్పం మాస్టారు

తమ్ముడూ, నడక బాగుంది. మూడో పాదంలో సభకు చీకటి, రంగానికి వెన్నెల అని రెండు ముక్కల్లో చెప్పడం చాలా నచ్చింది. గణయతుల్లో వంక లేదు. కానీ సమస్యలో ముడి ఎక్కడుందో చూడు. ‘దిశల’ అన్న మాటలో ఉంది. నీ వెన్నెల రంగస్థలం దాటి రాలేదు, దిక్కులన్నీ ఎట్లా నిండాయి? ఇంకో సంగతి. ఆడేది ఏ నాటకమో చెప్పలేదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు నీ పద్యం చదివి హాలు దాకా వస్తాడు, లోపల ఏముందో తెలియక గేటు దగ్గరే నిలబడిపోతాడు.

పుత్తూరు అక్క

పిల్లలున్నారని అన్నారు గదా అన్నా. అయితే సురభి వాళ్ళ మాయాబజారే. వేరే ఆలోచన వద్దు.

*మాయలాడు హిడింబి కుమారుఁ డెగయ*
*తీఁగలెవ్వియుఁ గనరాక తేలియాడ*
*సురభి మంటను వాననుఁ జూపు వేళ*
*దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె.*

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టిన కుటుంబాలు అవి. వనారస గోవిందరావు గారితో మొదలై తరతరాలుగా అదే బతుకు. తాత రాజు వేషం కడితే మనవడు పక్కన తాడు లాగుతుంటాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం కూడా వాళ్ళ దగ్గర తొలినాళ్ళ నుంచే ఉంది. పిల్లలకు కథ ముందే తెలియనక్కర్లేదు. ఘటోత్కచుడు పైకి లేచాడంటే చాలు, సీట్లో కూర్చోరు.

కుప్పం మాస్టారు

అక్కయ్యా, ఇది పూరణ! రెండో పాదమే దీనికి ప్రాణం. తీగలు కనబడకూడదంటే వెనక తెర మీద చీకటి ఉండాలి. అంటే దీపాలు ఎందుకు ఆర్పారో కారణం పద్యంలోనే ఉంది. ఆర్పినవాళ్ళెవరో మూడో పాదంలో ఉంది. చీకట్లో మంట లేచినప్పుడు దాని వెలుగు రంగం మీద ఆగదు, చూసేవాళ్ళ ముఖాల మీదికి కూడా వస్తుంది. ‘దిశల’కు అదే సమాధానం. ‘హిడింబి కుమారుఁడు’ అనడంలో యతి కుదిరింది, పేరు చెప్పకుండానే నాటకం తెలిసింది.

ఒక చిన్న సూచన. ‘ఎగయ’, ‘తేలియాడ’, ‘చూపు వేళ’, ‘ఆర్ప’ అని అసంపూర్ణ క్రియలు నాలుగు వరసగా వచ్చాయి. చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడం లేదు. రెండో పాదం చివర ‘తేలియాడె’ అని ఆపి చూడండి. అప్పుడు ‘సురభి’ అన్న మాట కొత్త ఊపుతో మొదలవుతుంది.

చిత్తూరు పద్యాభిమాని

మాస్టారి మాటతో నాకు పేచీ లేదు గానీ, తిరుపతికి వచ్చి మంటలూ తీగలూ చూసిపోతే నాటకం చూసినట్టా? నాకు నాటకమంటే హార్మోనియం, గొంతు, పద్యం.

*రాయబారపు ఘట్టాన రాగమెత్తి*
*పద్యమొక్కటి కృష్ణుండు పాడినంత*
*రంగు రంగుల తళుకుల రచ్చ మాన*
*దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె.*

రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులు అవధానులు. సభలో సమస్యలు పూరించిన నోళ్ళే ఆ పద్యాలు చెప్పాయి. అందుకే ఏ పద్యానికాపద్యం విడిగా నిలబడుతుంది, వెనక కథ తెలియకపోయినా చెవికి ఎక్కుతుంది. పెద్దావిడ ఉన్నారన్నారు. ఆవిడ చిన్నప్పుడు విని ఉంటే, కృష్ణుడి కంటే ముందే ఆవిడ నోట పద్యం మొదలవుతుంది. ఆ ముఖం చూడటానికైనా పోవాలి.

పుత్తూరు అక్క

పద్యం వినసొంపుగా ఉందన్నా. కానీ దీపాలు ఆర్పిందెవరు? కృష్ణుడు పాడుతున్నాడు, రచ్చ దానంతటదే మానింది, ఆర్పిన కర్త ఎక్కడా లేడు. వెలుగంటే పద్యం అనుకోవాలి, సరే. దీపం మటుకు నిజం దీపం. ఒకటి అలంకారం, ఒకటి వాస్తవం. రెండూ ఒకే మెట్టు మీద లేవు.

చిత్తూరు పద్యాభిమాని

దీపమంటే ఆ రంగురంగుల లైట్ల హంగే అక్కా. పద్యం మొదలైతే దాని అవసరం తీరిపోతుంది. మూడో పాదం అందుకే పెట్టాను. పద్యానికి ఇంత ఎర్రలైటు, ఇంత నీలంలైటు అని మార్చి మార్చి వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పాడేవాడి దవడ కదలిక, మెడనరం బిగుసుకోవడం కనబడితే చాలు.

పలమనేరు రైతుబిడ్డ

మీరంతా హాళ్ళ గురించే మాట్లాడుతుండారు. మా పక్క భారతం ఎట్ల మరిచిపోయినారు సామీ? ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది దినాలు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేది, చివరి దినం మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడు, సాయంత్రం నిప్పుల గుండం. చిత్తూరు పక్కకు వచ్చి ఇది చూడకపోతే ఎట్ల?

*పల్లె భారతమందునఁ దెల్లవార్లు*
*భీముఁ డాడిన యాటకుఁ బిల్లలెల్ల*
*నిదురపోవక కూర్చుండ నినుఁడు పొడిచె;*
*దీపములనార్ప వెలుఁగులు దిశల నిండె.*

కుప్పం మాస్టారు

నాయనా, మొదటి పాదంలో పల్లె, తెల్ల అని ప్రాసయతి చక్కగా పడింది. నిర్వాహకులు వద్దన్న సూర్యోదయాన్నే తెచ్చి, దానికి రాత్రంతా ఆడిన ఆటను ముందు పెట్టావు. దిక్కులు నిండడానికి ఇంతకంటే సూటి సమాధానం లేదు. మూడో పాదంలో మటుకు యతి చెడింది. ‘కూర్చుండన్ + ఇనుఁడు’లో న అన్నది ద్రుతానిది, అంటే ముందు మాట చివరి నకారం. యతి ఇకారానికి చెల్లాలి, ‘ని’కి చెల్లదు. ఇట్లా మార్చు:

*నిదురపోవక కూర్చుండ నింగి పండె;*

నీ భావం ఎక్కడికీ పోలేదు. పైగా తూర్పు ఎర్రబారడం కూడా వచ్చింది.

చంద్రగిరి తమ్ముడు

రైతుబిడ్డన్నా, మా అమ్మమ్మ వాళ్ళ ఊర్లో చూశాను. ఇద్దరు మనుషులు అడ్డంగా ఒక గుడ్డ పట్టుకుని నిలబడతారు. దాని పైనుంచి కిరీటం కొస మాత్రం కనబడుతుంది. గజ్జెల చప్పుడు వినబడుతుంది గానీ మనిషి కనబడడు. గుడ్డ తీసేసరికి భుజాల మీద కొయ్యతో చేసి అద్దం ముక్కలు అతికించిన భుజకీర్తులు తళుక్కుమంటాయి. అంత ఖర్చు పెట్టి వేసిన ఏ సెట్టూ నన్ను అంతగా పట్టుకోలేదు.

నిర్వాహకుడు (తిరుపతి)

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం మేటి పూరణ పుత్తూరు అక్కయ్యది. సవరించిన పాదంతో రైతుబిడ్డది దాని పక్కనే నిలుస్తుంది. పద్యాభిమాని గారి పద్యాన్ని పాడి వినిపించమని అడుగుతున్నాను, అది కంటితో చదివే పద్యం కాదు.

ఇక నాటకం సంగతి. పేరు పెద్దదని నాటకం ఎంచుకోవద్దన్నదే నా అభిప్రాయం. వచ్చినవాళ్ళ ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో ముందు చూడాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని దిగినవాళ్ళను తెల్లవార్లు భారతంలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. భారతానికి విడిగా రావాలి, ఆ ఊళ్ళోనే ఒక రాత్రి ఉండాలి. అప్పుడే దాని రుచి తెలుస్తుంది. సురభి వాళ్ళు ఎప్పుడూ ఇక్కడే ఉండరు, ప్రదర్శన ఉందో లేదో కనుక్కుని గానీ పిల్లలకు మాట ఇవ్వకూడదు. ఉంటే మా వాళ్ళకు మాయాబజారే, ముందు వరసల్లో కాదు, నడుమ. తీగ కంటపడనంత దూరం ఉండాలి. లేకపోతే రాయబారం. పిల్లలు నిద్రపోయినా పరవాలేదు, వాళ్ళ నాయనమ్మ కోసం పోతాం. అది కూడా లేని రోజైతే అన్నమాచార్య కళామందిరంలో ఆ పూట ఏముందో చూస్తాను.

వచ్చే వారానికి సమస్య, మళ్ళీ తేటగీతే. చనిపోయిన పాత్రధారి వన్స్‌మోర్ కోసం లేచి పద్యం అందుకోవడం మన నాటకాలు చూసినవాళ్ళకు కొత్త కాదు. కాబట్టి ఆ ఒక్క దారి మూసేస్తున్నాను, వేరే దారిలో రండి:

*చచ్చి పడియును లేచి యా శవము పాడె*