డామినార్ 400కు ఎక్కువ దూరం మన్నే వెనక టైరు ఏది? కన్యాకుమారి ప్రయాణానికి ముందు సలహా కావాలి

తుంగభద్ర తీరం (కర్నూలు):

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర డామినార్ 400 మోటారు సైకిలు ఉంది. ఉద్యోగం పని మీద నెలకు మూడు నాలుగుసార్లు కర్నూలు నుంచి హైదరాబాదుకూ, అప్పుడప్పుడు బెంగళూరుకూ 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి వస్తుంటాను. ముందు టైరు 110/70 ఆర్17, వెనకది 150/60 ఆర్17 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, ఆర్ అంటే రేడియల్ రకం). బండితో పాటు వచ్చిన వెనక టైరును 14,000 కిలోమీటర్ల దగ్గర మార్చాను. దాని స్థానంలో అదే కంపెనీ, అదే రకం టైరు వేయించాను. అయితే అది 11,000 కిలోమీటర్లకే నడుమ భాగం అరిగి బల్లపరుపుగా తయారైంది. అంచుల్లో మాత్రం బటన్లు (గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మెలు) ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. ముందు టైరుకు పెద్దగా అరుగుదల లేదు.

ఈ కార్తీకంలో మా ఆవిడతో కలిసి కన్యాకుమారి వెళ్లి రావాలని అనుకుంటున్నాము. రానూపోనూ 2,000 కిలోమీటర్లు దాటుతుంది. నా బరువు 78 కిలోలు, ఆవిడ బరువు 60 కిలోలు, సామాను మరో 25 కిలోలు ఉంటుంది. అందువల్ల బయలుదేరే ముందే వెనక టైరు మార్చక తప్పదు. పోయినసారి బిగింపుతో కలిపి 6,200 రూపాయలు అయింది. ఈసారి 10,000 వరకు పెట్టగలను. కానీ కనీసం 18,000 కిలోమీటర్లయినా రావాలన్నది నా కోరిక. మార్కెట్లో దొరికే వాటిలో అన్నిటికంటే గట్టి రబ్బరు ఉన్న టైరు ఎంచుకుంటే సరిపోతుందా? 160 వెడల్పు టైరు వేస్తే ఎక్కువ కాలం వస్తుందని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత టైరు సెక్షన్ (అనంతపురం):

నమస్కారం. నేను ఆర్టీసీ డిపోలో టైరు సెక్షన్‌లో పనిచేసి విరమించాను. బస్సు టైరుకూ మోటారు సైకిలు టైరుకూ తేడా ఉన్నా, అరుగుదల చెప్పే కథ రెండింటిలోనూ ఒకటే కాబట్టి చదవడం వస్తే టైరే మనకు జవాబు చెబుతుంది. అందుకే కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. నడుమ అరిగిన పట్టీ ఎంత వెడల్పు ఉందో స్కేలు పెట్టి కొలవండి. సన్నగా ఉంటే అది తిన్నని రోడ్డు మీద ఎక్కువ వేగంతో నడిపినందువల్ల వచ్చిన అరుగుదల. వెడల్పుగా, అంచుల దగ్గర కొద్దిగా నూలుపోగుల్లా రబ్బరు రేగినట్టు ఉంటే గాలి తక్కువతో, బరువు ఎక్కువతో నడిపారని నేను అనుమానిస్తాను. గాలి తగ్గితే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతాయి, వేడెక్కిన రబ్బరు తొందరగా అరిగిపోతుంది. మన అనంతపురం వైపు వేసవిలో మధ్యాహ్నం తారు రోడ్డు మీద చెయ్యి పెట్టలేమన్న సంగతి మీకూ తెలుసు.

ఇంకొక మాట. ఒకే రకం టైరు మొదట 14,000, తర్వాత 11,000 కిలోమీటర్లు వచ్చిందంటే మారింది టైరు కాదు, దాన్ని వాడిన తీరు. ఈ మధ్య వేగం పెరిగిందా? సామాను పెట్టెలు కొత్తగా బిగించారా? గాలి కొట్టించే చోటు మార్చారా? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా 10,000 రూపాయల టైరు కొంటే అదీ అంతే దూరంలో అరుగుతుంది.

160 వెడల్పు సంగతి వదిలెయ్యండి. మీ చక్రానికి 150 కొలత కోసం రిమ్ము వెడల్పు పెట్టారు. అదే రిమ్ముపై వెడల్పు టైరు వేస్తే అంచులు లోపలికి ముడుచుకుని నడుమ భాగం ఇంకా ఉబ్బుతుంది. తిన్నగా వెళ్లేటప్పుడు నేలను తాకే భాగం పెరగకపోగా తగ్గే అవకాశమే ఎక్కువ. పైగా బండి మలుపులో వాలడానికి మొరాయిస్తుంది.

బటన్ బుల్లోడు (రాజమహేంద్రవరం):

నా సలహా ఒక్కటే. లోతైన బటన్లున్న ఆఫ్‌రోడ్ టైరు వేయించండి. రబ్బరు మందంగా ఉంటుంది, అరగడానికి ఏళ్లు పడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో నేను మూడేళ్లుగా అదే వాడుతున్నాను.

నల్లమల దారి (ఆత్మకూరు):

పైన సోదరుడు చెప్పినది మట్టిరోడ్లు ఎక్కువగా తిరిగేవారికి సరిపోవచ్చు గానీ, ప్రశ్న అడిగినవారు తిరిగేది నాలుగు వరుసల రహదారి. లోతైన బటన్లకు మధ్య ఖాళీలు ఎక్కువ, కాబట్టి రోడ్డును తాకే రబ్బరు తక్కువ. 100 కిలోమీటర్ల వేగంతో ఎండ రోడ్డు మీద గంటల తరబడి నడిపితే ఒక్కొక్క బటనూ వంగి లేస్తూ వేడెక్కి, వెనక అంచు వైపు ఏటవాలుగా అరుగుతుంది. అందువల్ల మందంగా కనిపించే ఆ రబ్బరు రహదారి మీద ఆశించినంత దూరం రాదు, దాని మోత మాత్రం చెవులు దిమ్మెక్కిస్తుంది.

ఇక గట్టి రబ్బరు గురించి నా అనుభవం చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్నలో అసలు చిక్కు అక్కడే ఉంది. నేను కూడా ఒకప్పుడు ఎక్కువ కిలోమీటర్లు వస్తుందని దుకాణదారు చెప్పిన టైరు వేయించాను. అది నిజంగానే ఎక్కువ కాలం వచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ ఒక వానాకాలం సాయంత్రం దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ, వేగం 40 కూడా లేని మలుపులో వెనక చక్రం పక్కకు జారింది. నేను పడలేదు, కానీ ఆ టైరు మీద నమ్మకం మాత్రం ఆ మలుపులోనే పడిపోయింది. గట్టి రబ్బరు ఎండలో మన్నుతుంది, తడిలో పట్టు తక్కువ.

మీరు వెళ్లేది కార్తీకం అన్నారు. తమిళనాడుకు అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అంటే సేలం దాటినప్పటి నుంచి మధురై మీదుగా కన్యాకుమారి చేరేలోగా మీకు ఎక్కడో ఒకచోట వాన తప్పదు. చివర్లో ఆరల్‌వాయిమొళి కనుమ దగ్గర, గాలిమరలు బారులు తీరి కనిపించే చోట, పక్కగాలి బండిని నెడుతుంది. వెనక భార్య కూర్చుని ఉండగా ఆ రోడ్డు మీద మీకు కావలసింది 18,000 కిలోమీటర్లు కాదు, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగే టైరు.

రెండూ కావాలంటే మధ్యేమార్గం ఉంది. స్పోర్ట్ టూరింగ్ రకం (మన్నిక, పట్టు రెండూ చూసి దూరప్రయాణాలకు చేసిన) టైర్లలో చాలావాటికి నడుమ భాగంలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు వాడతారు. రబ్బరులో సిలికా కలపడం వల్ల తడిలో పట్టు పెరుగుతుంది. మిషెలిన్ రోడ్, మెట్జెలర్ రోడ్‌టెక్, పిరెలీ ఏంజెల్ జీటీ, బ్రిడ్జ్‌స్టోన్ బాట్‌లాక్స్ టీ శ్రేణి వంటివి ఈ కోవలోకి వస్తాయి. మన దేశపు తయారీలో అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రోటార్క్ ఉన్నాయి, కాకపోతే ఇవి పట్టు వైపు కాస్త ఎక్కువ మొగ్గు చూపేవి. ఏది తీసుకున్నా మీ కొలత 150/60 ఆర్17లో దొరికితేనే తీసుకోండి. పక్క కొలతతో సర్దుకోవద్దు. కొలత పక్కన 66 హెచ్ అని ఉంటుంది. 66 అంటే ఆ టైరు 300 కిలోల వరకు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. అంతకంటే తక్కువ అంకె ఉన్నది చవకగా వచ్చినా కొనవద్దు, ఎందుకంటే వెనక కూర్చున్నవారి బరువూ సామాను బరువూ దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడతాయి.

డాలస్ బాటసారి (టెక్సస్, స్వస్థలం నంద్యాల):

కర్నూలు పేరు చూసి ఆగాను. ఇక్కడ నేను నడిపేది హోండా గోల్డ్‌వింగ్ అనే పెద్ద మోటారు సైకిలు. బండి వేరైనా ఎండ మాత్రం మన సీమ ఎండే. టైరు ఎంతకాలం వస్తుందన్న గొడవ ఇక్కడ ఎంత దూరం వెళ్లిందంటే, కొందరు గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు వేసుకుంటారు. దానికి డార్క్‌సైడ్ అని ఒక ముద్దుపేరు కూడా ఉంది. చదునైన కారు టైరు మలుపులో అంచు మీద నిలబడాల్సి వస్తుంది కాబట్టి నేను ఆ పని చేయలేదు, చేయమని ఎవరికీ చెప్పను.

అమెరికాలో కారు టైర్ల పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని, అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఒక అంకె ముద్రించడం తప్పనిసరి, దానితో ఒక కంపెనీ టైరును మరో రకంతో కొంతవరకు పోల్చవచ్చు. మోటారు సైకిలు టైర్లకు అటువంటి అంకె ఏదీ లేదు. కాబట్టి ఎవరైనా ఈ టైరు ఇన్ని వేల కిలోమీటర్లు వస్తుందని చెబితే అది వారి బండి, వారి రోడ్డు, వారి కుడిచేతి మణికట్టు చెప్పిన మాట మాత్రమే.

నేను చేసేది ఇది. గాళ్ల లోతు కొలిచే చిన్న గేజి ఒకటి కొన్నాను. కొత్త టైరు వేయించిన రోజు నడుమ గాడి లోతు కొలిచి రాసుకుంటాను, ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ కొలుస్తాను. ఉదాహరణకు 7 మిల్లీమీటర్లు ఉన్నది 6,000 కిలోమీటర్లకు 5 మిల్లీమీటర్లు అయిందనుకోండి, మిల్లీమీటరుకు 3,000 కిలోమీటర్లు వస్తున్నట్టు. ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర మార్చాలనుకుంటే ఇంకా 10,500 కిలోమీటర్లు మిగిలి ఉన్నాయని లెక్క తేలుతుంది. వేగమో గాలో మారితే ఆ లెక్క వెంటనే పట్టిస్తుంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. గాలి బండిని వెనక్కి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 80 నుంచి 110 కిలోమీటర్లకు పెంచితే ఆ బలం దాదాపు రెట్టింపు అవుతుంది. దాన్నంతా ఎదిరించి బండిని ముందుకు తోసేది వెనక టైరులో అరచేయంత భాగమే. మీ టైరు నడుమనే అరిగిందన్నారు కదా, ముందు స్పీడోమీటరును ప్రశ్నించండి.

తుంగభద్ర తీరం (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన అడిగిన మూడు ప్రశ్నలతో రాత్రంతా ఆలోచనలో పడ్డాను. పెట్టెలు కొత్తవి కాదు. వేగం కొంత పెరిగిన మాట నిజమే, 95 దగ్గర ఉండేవాడిని ఇప్పుడు 110 దగ్గర ఉంటున్నాను. కానీ అసలు దొంగ వేరే చోట దొరికాడు. ఏడాదిగా ఇంటికి దగ్గరలోని ఒక పెట్రోలు బంకులో గాలి కొట్టిస్తున్నాను. ఈ ఉదయం ఒక మంచి చేతి గేజి కొని, బండి కదలకముందే కొలిచాను. బంకు యంత్రం నిన్న 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపించిన టైరులో ఉన్నది 27 మాత్రమే. అనుమానం తీరక మరో బంకులో, తర్వాత పంక్చర్ దుకాణంలో కూడా చూశాను. రెండుచోట్లా నా గేజి మాటే నిజమైంది. అంటే ఏడాదిపాటు 5 పీఎస్‌ఐ తక్కువతో తిరిగాను. అరిగిన పట్టీ కూడా కొలిచాను, వెడల్పుగానే ఉంది.

ఖర్చు లెక్క కూడా వేసుకున్నాను. గాలి సరిగ్గా ఉండి పాత రకం టైరే మొదటిసారిలా వస్తే, 6,200 రూపాయలకు 14,000 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 44 పైసలు. 9,500 పెట్టి 18,000 కిలోమీటర్లు వచ్చినా 53 పైసలు అవుతుంది. అంటే నేను డబ్బు ఆదా చేద్దామని అడిగిన ప్రశ్నలో ఆదా అన్నది మొదటి నుంచీ లేదు. నా బండికి పెట్రోలే కిలోమీటరుకు దాదాపు నాలుగు రూపాయలు అవుతోంది కాబట్టి, తడిలో పట్టు కోసం ఈ 9 పైసలు ఎక్కువ పెట్టడానికి ఇప్పుడు వెనకాడడం లేదు. నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు ఉన్న టైరు తీసుకుంటాను. ఒక సందేహం మిగిలింది. ముందు టైరు ఇంకా బాగానే ఉంది, దాన్ని ఉంచుకోవచ్చా? బయలుదేరడానికి ఎన్ని రోజుల ముందు మార్చాలి?

పాత టైరు సెక్షన్ (అనంతపురం):

మంచి పని చేశారు. గేజి కొన్న డబ్బు మొదటి టైరులోనే తిరిగి వస్తుంది. గాలి ఎప్పుడూ బండి చల్లగా ఉన్నప్పుడే చూడండి. టైరు 10 డిగ్రీలు వేడెక్కితే లోపలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. దారిలో పెరిగిందని గాలి తీసేస్తే మరుసటి ఉదయానికి తక్కువతో నిలబడతారు. ఇద్దరు ఎక్కి సామాను కట్టినప్పుడు ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. నత్రజని నింపించమని దుకాణంలో అడుగుతారు; నింపించినా నష్టం లేదు, గేజి చూసుకోవడం మాత్రం మానవద్దు.

ముందు టైరు కూడా వెనకదానిలాగే రేడియల్ రకమే కాబట్టి, లోతు సరిపడా ఉండి అలలు అలలుగా అరగకపోతే ఉంచుకోవచ్చు. అయితే దాని వయసు చూడండి. పక్కగోడ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. బాగా పాతబడి పక్కగోడలో సన్నని పగుళ్లు కనిపిస్తే బటన్లు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు కూడా బిగించక ముందే ఆ అంకెలు చూడండి, ఎండ తగిలే అద్దాల వెనక ఏళ్లుగా పడి ఉన్నదాన్ని తీసుకోవద్దు.

బయలుదేరడానికి కనీసం వారం ముందు మార్పించండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా, గట్టిగా బ్రేకు వేయకుండా, వాలడం కొద్దికొద్దిగా పెంచుతూ నడపాలి. ఒంటరిగా ఒకసారి హైదరాబాదు వెళ్లి వస్తే ఆ పని పూర్తవుతుంది. చక్రం ఎలాగూ విప్పుతారు, చైను రెండువైపులా సమానంగా బిగించారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, గాలి పోసే వాల్వు కూడా కొత్తది వేయమనండి. తీసేసిన పాత టైరును దుకాణంలో వదిలి రాకుండా ఇంటికి తెచ్చుకోండి. కొత్తది 6,000 కిలోమీటర్లు తిరిగాక రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.